టికెట్టులో ఒక పేరు, పాస్‌పోర్టులో ఒక పేరు: ప్రయాణం ఇంకా తొమ్మిది రోజులే ఉంది

కిటికీసీటు
మా అమ్మ తొమ్మిది రోజుల్లో విదేశానికి బయలుదేరవలసి ఉంది. టికెట్టు నేనే ఒక టికెట్ల వెబ్‌సైటులో కొన్నాను. ఆమె పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఒక మాట, గివెన్ నేమ్ గడిలో రెండు మాటలు ఉన్నాయి. నిన్న రాత్రి టికెట్టును ముద్రించి పాస్‌పోర్టు పక్కన పెట్టి చూస్తే, గివెన్ నేమ్‌లోని రెండో మాట అసలు లేదు. మొదటి మాటలో కె, ఎస్, హెచ్ అనే మూడక్షరాలు ఉండవలసిన చోట ఒక్క ఎక్స్ అక్షరం కూర్చుని ఉంది. ఎప్పుడో దేశీయ ప్రయాణానికి నేను కొట్టిన పేరును బ్రౌజరు గుర్తుపెట్టుకుని దానంతట అదే నింపేసిందని, నేను చూసుకోకుండా డబ్బు కట్టేశానని ఇప్పుడు అర్థమైంది. సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే పేరు మార్పు కుదరదని, రద్దు చేసుకుని కొత్తగా కొనుక్కోవాలని చెప్పారు. ఇప్పటి ధర నేను కొన్నదానికి దాదాపు రెట్టింపు ఉంది. పైగా దారిలో ఒకచోట విమానం మారాలి, ఆ రెండో విమానం వేరే సంస్థది. అమ్మకు వీల్‌చైర్ కూడా కావాలి. ఈ తేడాతో ఆమెను విమానం ఎక్కనిస్తారా, లేక రద్దు చేసుకోవడం ఒక్కటే దారా?

మూడోగేటు
రద్దు మాట అప్పుడే ఎత్తవద్దు. నేను పదకొండేళ్లు చెకిన్ కౌంటరులో పనిచేశాను కాబట్టి ఒక సంగతి ముందుగా చెబుతాను. మీరు ఫోనులో అడిగింది నేమ్ ఛేంజ్, మీకు కావలసింది నేమ్ కరెక్షన్. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ, మొదటిది ఒకరి టికెట్టును మరొకరికి ఇవ్వడం, రెండోది అదే మనిషి పేరులోని తప్పును దిద్దడం. మొదటిదానికి చాలా సంస్థలు ససేమిరా అంటాయి. రెండోదానికి దాదాపు అన్ని సంస్థలకూ ఏదో ఒక పద్ధతి ఉంటుంది. మూడక్షరాల లోపు తప్పును పెద్దగా ప్రశ్నించకుండా దిద్దే సంస్థలు చాలా ఉన్నాయి. మాటే మొత్తం తప్పిపోయినప్పుడు పాస్‌పోర్టు ప్రతి అడుగుతారు, పుట్టిన తేదీతో సరిచూసుకుంటారు.

మీ ఈ-టికెట్టు మీద పదమూడు అంకెల నంబరు ఉంటుంది. అందులో మొదటి మూడంకెలు టికెట్టు ఏ సంస్థ పేరున జారీ అయిందో చెబుతాయి. ఉదాహరణకు 125 బ్రిటిష్ ఎయిర్‌వేస్‌ది, 220 లుఫ్తాన్సాది, 618 సింగపూర్ ఎయిర్‌లైన్స్‌ది. దిద్దుబాటుకు అనుమతి ఇవ్వవలసింది ఆ సంస్థే. మీరు ఎక్కబోయే విమానం ఎవరిదన్నది ఇక్కడ రెండో విషయం.

తేలికసంచి
ఇంత కంగారు అవసరం లేదని నా అభిప్రాయం. నా పాస్‌పోర్టులో మధ్యన ఒక మాట ఉంది, టికెట్టులో ఎప్పుడూ రాయను. అలాగే నాలుగు అంతర్జాతీయ ప్రయాణాలు చేశాను, ఒక్కరూ అడగలేదు. మధ్య పేరు లేకపోవడం, దాని బదులు ఒక్క పొడి అక్షరం ఉండడం వంటి చిన్న తేడాల వల్ల ఇబ్బంది ఉండదని అమెరికాలోని విమానాశ్రయ భద్రతా సంస్థ టీఎస్‌ఏ స్వయంగా చెబుతోంది. మూడోగేటు గారు కౌంటరు అవతల కూర్చున్నవారు కాబట్టి వారికి ప్రతిదీ ప్రమాదంగానే కనిపిస్తుంది.

వెనుదిరిగాను_ఒకసారి
తేలికసంచి గారు, మీ నాలుగు ప్రయాణాలకు నా ఒక్క ప్రయాణం జవాబు. పెళ్లి తర్వాత నా పాస్‌పోర్టును కొత్త సర్‌నేమ్‌తో తీసుకున్నాను. టికెట్టు మాత్రం విమాన సంస్థ సభ్యత్వ ఖాతాలోంచి కొన్నాను, ఆ ఖాతాలో పాత సర్‌నేమ్ అలాగే ఉంది. ముందురోజు ఆన్‌లైనులో చెకిన్ అయిపోయింది, బోర్డింగ్ పాసు ఫోనులోకి వచ్చేసింది, ఇక అడ్డేమీ లేదనుకున్నాను. సామాను ఇవ్వడానికి కౌంటరుకు వెళ్తే అక్కడి అమ్మాయి పాస్‌పోర్టును తిప్పి పట్టుకుని, ఫొటో ఉన్న పేజీ అడుగున ఉండే రెండు వరుసల కింద గోరు ఆనించి ఒక్కో అక్షరమే జరుపుకుంటూ వెళ్లింది. గోరు ఆగిన చోటే నా ప్రయాణం కూడా ఆగింది. పెళ్లి ధ్రువపత్రం ఫోటో చూపించాను. ఆమె దాన్ని మర్యాదగానే చూసింది గానీ, టికెట్టు మార్చే అధికారం తనకు లేదని, జారీ చేసిన కార్యాలయం ఉదయానికి గానీ తెరుచుకోదని చెప్పింది. విమానం వెళ్లిపోయింది.

తేలికసంచి
మీకు జరిగినదానికి నిజంగా బాధగా ఉంది. అయితే అది సర్‌నేమ్ మొత్తం వేరైన సందర్భం. కిటికీసీటు గారి అమ్మగారి సర్‌నేమ్ సరిగ్గానే ఉంది కదా. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

మూడోగేటు
ఆ మాట ఒప్పుకుంటాను, రెండూ ఒకటి కావు. సర్‌నేమ్ వేరైతే దాదాపు ఎక్కడా ఒప్పుకోరు. గివెన్ నేమ్‌లో రెండో మాట లేకపోతే ఒకచోట ఒప్పుకుంటారు, మరోచోట ఒప్పుకోరు. కష్టమంతా ఆ రెండో వాక్యంలోనే ఉంది, ఎందుకంటే ఆ నిర్ణయం ఆ పూట కౌంటరులో ఉన్న మనిషి మీద, ఆ సంస్థ నియమం మీద, చేరవలసిన దేశం మీద ఆధారపడి ఉంటుంది. టీఎస్‌ఏ చెప్పింది ఆ దేశపు భద్రతా తనిఖీ గురించి. విమాన సంస్థ తన నియమాన్ని అంతకంటే బిగించుకోవచ్చు, వేరే దేశపు ఇమిగ్రేషన్ దాన్ని అసలు పట్టించుకోకపోవచ్చు. సరైన పత్రాలు లేని ప్రయాణికుణ్ణి తీసుకువెళ్తే చాలా దేశాలు విమాన సంస్థకే జరిమానా వేస్తాయి, ఆ మనిషిని వెనక్కి తెచ్చే భారం కూడా దాని నెత్తినే పడుతుంది. అందుకే కౌంటరులోని ఉద్యోగికి అనుమానం వస్తే ఆపడమే క్షేమం అనిపిస్తుంది.

వెనుదిరిగాను గారు చెప్పినదాంట్లో అందరూ గమనించవలసింది ఇంకొకటి ఉంది. ఆన్‌లైన్ చెకిన్ అయిందంటే పేరు సరిపోయిందని అర్థం కాదు. చాలాసార్లు అక్కడ పాస్‌పోర్టు వివరాలను మనమే టైపు చేస్తాం, చూసేవారుండరు. అసలు పత్రాల తనిఖీ కౌంటరులోనో గేటు దగ్గరో జరుగుతుంది.

అక్షరాలలెక్క
గోరు ఆనించి చూసిన ఆ రెండు వరుసల గురించి కొంచెం రాస్తాను, ఎందుకంటే టికెట్టులో పేరు ఎలా ఉండాలన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. అది యంత్రం చదివే భాగం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో ప్రచురించే 9303 నంబరు పత్రం దాని రూపాన్ని నిర్ణయిస్తుంది. ఒక్కో వరుసలో 44 స్థానాలుంటాయి. మొదటి వరుస పి అక్షరంతో మొదలవుతుంది, దేశపు కోడుతో కలిపి అయిదు స్థానాలు అక్కడే ఖర్చవుతాయి, మిగిలిన 39 స్థానాల్లో పేరు ఇమడాలి. ముందు సర్‌నేమ్, తర్వాత రెండు బాణపు గుర్తులు (<<), ఆ తర్వాత గివెన్ నేమ్‌లోని మాటలు ఒక్కో బాణపు గుర్తు ఎడంతో వస్తాయి. పేరు ఆ 39 స్థానాలకు మించితే కత్తిరిస్తారు.

చుక్కలు, గీతలు ఉన్న యూరోపియన్ అక్షరాలను కూడా అక్కడ మామూలు అక్షరాల్లోకి మారుస్తారు. జర్మన్ వారి రెండు చుక్కల యూ అక్కడ యూ, ఈ అనే రెండక్షరాలుగా కనిపించవచ్చు. పైన ఫొటో పక్కన ఒక రూపం, అడుగున మరో రూపం ఉన్నప్పుడు టికెట్టుకు అడుగున ఉన్న రూపాన్ని తీసుకోవడం మేలు, ఎందుకంటే యంత్రం చదివేది దాన్నే.

బోర్డింగ్ పాసు సంగతి మరీ చిత్రంగా ఉంటుంది. దాని మీది బార్‌కోడులో పేరుకు 20 స్థానాలే ఉంటాయి. అందువల్ల పొడవాటి పేరు తెగిపోతుంది, మాటల మధ్య ఖాళీలు పోతాయి, చివర మిస్టర్, మిసెస్ వంటివి పేరుకు అతుక్కుపోతాయి. ఇవేవీ తప్పులు కావు, వీటికోసం ఎవరికీ ఫోన్ చేయనవసరం లేదు.

అరవైదాటినకుర్రాడు
నా పేరు చివర ఎంఆర్ అతుక్కుని వచ్చిన బోర్డింగ్ పాసును మా మనవరాలు దాచుకుంది. ఇప్పటికీ నన్ను ఆ రెండక్షరాలూ కలిపే పిలుస్తుంది.

కిటికీసీటు
అక్షరాలలెక్క గారు, మీరు రాసింది చదివి పాస్‌పోర్టు మళ్లీ తీసి చూశాను. అడుగు వరుసలో అమ్మ రెండు మాటలూ బాణపు గుర్తు ఎడంతో స్పష్టంగా ఉన్నాయి. టికెట్టు నంబరు మొదటి మూడంకెలు మొదటి విమాన సంస్థవే. అయితే వారికి ఫోన్ చేస్తే, టికెట్టు వెబ్‌సైటులో కొన్నారు కాబట్టి అక్కడే అడగమన్నారు. వెబ్‌సైటువారు విమాన సంస్థను అడగమంటున్నారు. ఇద్దరి మధ్య బంతినయ్యాను.

మూడోగేటు
ఇది మామూలే. విమాన సంస్థకు మళ్లీ ఫోన్ చేసి దిద్దమని అడగకండి. దిద్దుబాటుకు అనుమతిస్తున్నట్టు పీఎన్ఆర్‌లో, అంటే మీ బుకింగు రికార్డులో, ఒక వాక్యం రాసిపెట్టమని మాత్రమే అడగండి. అది వారి పరిధిలోని చిన్న పని, వెబ్‌సైటు అమ్మిన టికెట్టు మీద చేయి వేయకుండానే చేయగలరు. ఆ వాక్యం చేరాక వెబ్‌సైటుకు ఫోన్ చేసి, విమాన సంస్థ అనుమతి రికార్డులో ఉంది, చూసి టికెట్టును రీఇష్యూ చేయండి అనండి. ఫోన్ ఎత్తినవారు పాఠం చదవడం మొదలుపెడితే వాదించకుండా పై అధికారిని అడగండి. మాట్లాడిన తేదీ, సమయం, ఎవరితో మాట్లాడారో రాసుకోండి.

ఇరవైనాలుగ్గంటలు
అమెరికాకు వెళ్లే, అక్కడినుంచి వచ్చే విమానాలకైతే ఒక వెసులుబాటు ఉంది. ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు నేరుగా విమాన సంస్థ దగ్గర కొన్న టికెట్టును 24 గంటల లోపు ఉచితంగా రద్దు చేసుకునే వీలుగానీ, డబ్బు కట్టకుండా అదే ధరకు 24 గంటలు నిలిపి ఉంచే వీలుగానీ ఇవ్వాలని అక్కడి రవాణా శాఖ నియమం చెబుతోంది. పేరు తప్పు పడిందని కొన్న రోజే కనిపెడితే, రద్దు చేసి మళ్లీ కొనడమే అన్నిటికంటే తేలిక.

వెనుదిరిగాను_ఒకసారి
ఇరవైనాలుగ్గంటలు గారు, వారు కొన్నది వెబ్‌సైటులో, కొని చాలా రోజులైంది. ఈ నియమం తర్వాత చదివేవారికి పనికొస్తుంది గానీ, మునిగినవాడికి వాన జోస్యం చెప్పినట్టుంది.

ఒంటిపేరు
నా సమస్య కొంచెం పక్కది. నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంది, పేరంతా ఒక్క మాట. టికెట్ల వెబ్‌సైటులో ఆ గడి నింపకపోతే ముందుకు వెళ్లనివ్వదు. ఒకరు అదే పేరును రెండు గడుల్లో రాయమంటారు, ఇంకొకరు ఎఫ్‌ఎన్‌యూ అని రాయమంటారు. ఏది సరైనది?

అక్షరాలలెక్క
సరైనది ఆ విమాన సంస్థ ఏది రాయమంటే అది. కొన్ని సంస్థలు పేరును రెండుసార్లు రాయమంటాయి, కొన్ని సర్‌నేమ్ గడిలో పేరు రాసి రెండో గడిలో ఎఫ్‌ఎన్‌యూ అనో, మిస్టర్ అనో రాయమంటాయి. ఎఫ్‌ఎన్‌యూ అంటే మొదటి పేరు తెలియదు అని అర్థం. మీలాంటివారికి ఇచ్చే అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరునూ సర్‌నేమ్‌గా వేసి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్‌ఎన్‌యూ వేస్తారు. వీసాలో అలా కనిపిస్తే అది పొరపాటు కాదు.

ప్రయాణం యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు అయితే టికెట్టు కంటే పెద్ద సంగతి ఒకటి చూసుకోవాలి. పాస్‌పోర్టులో ఒకే మాట ఉన్న సందర్శకులను 2022 నవంబరు 21 నుంచి అనుమతించబోమని ఆ దేశం ప్రకటించింది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో, కుటుంబ పేరో ఉంటే సరిపోతుందని కొద్ది రోజులకే వివరణ కూడా వచ్చింది. అక్కడ టికెట్టులో ఏం రాసినా తేడా రాదు, పాస్‌పోర్టులోనే సర్‌నేమ్ చేర్పించుకోవడం శాశ్వత పరిష్కారం.

ఒంటిపేరు
మా నాన్న ఒక్క మాట పేరు పెట్టి ఊరుకున్నారు, ఇన్నేళ్లకు యంత్రాలు నాకు ఇంకో పేరు పెడుతున్నాయి. సంస్థకే ఫోన్ చేస్తాను.

రెండుపాస్‌పోర్టులు
వీసా ప్రస్తావన వచ్చింది కాబట్టి రాస్తున్నాను. పేరు మార్చుకున్నవారికి టికెట్టు, పాస్‌పోర్టు ఒకటైతే పని అయిపోయినట్టు కాదు. నా వీసా పాత పాస్‌పోర్టులో పాత పేరు మీద ఉండిపోయింది. అమెరికా విషయంలో, చట్టబద్ధంగా పేరు మారి కొత్త పాస్‌పోర్టు తీసుకున్నవారు కొత్త వీసాకు దరఖాస్తు చేసుకుంటే ప్రయాణం సులువవుతుందని వారి విదేశాంగ శాఖ సూచిస్తోంది. వీసా బదులు ఎస్టా అనే ఆన్‌లైన్ అనుమతితో అమెరికా వెళ్లేవారికి పేరు మారినా, పాస్‌పోర్టు మారినా ఆ అనుమతి కొత్తగా తీసుకోవలసిందే. నేను రెండు పాస్‌పోర్టులూ, పేరు మార్పు పత్రం అసలు ప్రతీ ఒకే సంచిలో పెట్టుకుని తిరుగుతాను.

తేలికసంచి
పేరు, సర్‌నేమ్ ఒకదాని గడిలో ఒకటి పడితే ఏమవుతుందని ఒక స్నేహితుడు అడుగుతున్నాడు. నిజంగా స్నేహితుడే, నేను కాదు.

మూడోగేటు
మీ స్నేహితుడికి చెప్పండి. అక్షరాలన్నీ ఉండి వరుస మాత్రమే తారుమారైతే చాలా సంస్థలు సులువుగానే సరిచేస్తాయి, కొన్ని సరిచేయకుండానే రానిస్తాయి. ఫోన్ చేసి రికార్డులో రాయించుకుంటే నిద్ర పడుతుంది.

కిటికీసీటు
ఇవాళ్టి సంగతులు చెబుతాను. మూడోగేటు గారు చెప్పిన మాటల్లోనే అడిగాను. విమాన సంస్థవారు పాస్‌పోర్టు మొదటి పేజీ ప్రతిని మెయిలులో పంపమని, రెండు గంటల్లో అనుమతి రాసిపెట్టారు. వెబ్‌సైటువారు తమ సేవా రుసుము తీసుకున్నారు, అది కొత్త టికెట్టుతో పోలిస్తే లెక్కలోకి రాదు. ఇప్పుడు వెబ్‌సైటులో పీఎన్ఆర్ తెరిస్తే అమ్మ పేరు రెండు మాటలతో, సరైన అక్షరాలతో కనిపిస్తోంది. అందరికీ కృతజ్ఞతలు.

మూడోగేటు
సంతోషించే ముందు మూడు చోట్ల చూడండి. పీఎన్ఆర్ వేరు, టికెట్టు వేరు. ఆరక్షరాల పీఎన్ఆర్‌లో పేరు మారినా, పదమూడు అంకెల టికెట్టును తిరిగి జారీ చేయకపోతే రెండూ పొంతన కుదరక చెకిన్ రోజున టికెట్టు దొరకడం లేదంటారు. మెయిలులో కొత్త టికెట్టు నంబరు వచ్చిందా చూడండి. రెండోది, తర్వాతి విమానం వేరే సంస్థది కాబట్టి వారి దగ్గర మీ బుకింగుకు వేరే కోడు ఉంటుంది. దాన్ని అడిగి తీసుకుని వారి వెబ్‌సైటులో పేరు ఎలా ఉందో చూడండి. మూడోది వీల్‌చైర్. దిద్దుబాటు కోసం పాత రికార్డును మూసి కొత్తది తెరిచి ఉంటే ముందు చేసుకున్న వీల్‌చైర్, భోజనం, సీటు అభ్యర్థనలు పాతదానితోపాటే పోతాయి.

కిటికీసీటు
మూడింటిలో రెండు తప్పాయి. కొత్త టికెట్టు నంబరు వచ్చింది, అది బాగానే ఉంది. రెండో సంస్థ రికార్డులో మాత్రం ఇంకా ఎక్స్ అక్షరమే కనిపిస్తోంది, వీల్‌చైర్ రెండు విమానాల్లోనూ లేదు. రేపు ఉదయం మళ్లీ ఫోను పట్టుకుంటాను.

సెలవులబడి
విమానంతోపాటు హోటలు కలిపి ప్యాకేజీగా కొన్నవారికి ఒక పక్క విషయం. ఐరోపా సంఘంలో 2015 నాటి ప్యాకేజీ ప్రయాణాల ఆదేశం ప్రకారం, బయలుదేరడానికి కనీసం ఏడు రోజుల ముందు తెలియజేస్తే మొత్తం ప్యాకేజీని మరో మనిషికి బదిలీ చేయవచ్చు, అందుకయ్యే ఖర్చు మనం భరించాలి. విడి విమాన టికెట్టుకు ఇది వర్తించదు.

అక్షరాలలెక్క
కిటికీసీటు గారు, రెండో సంస్థకు మీరు ఫోన్ చేస్తే టికెట్టు తమది కాదంటారు. మొదటి సంస్థనే పట్టుకుని, సరిచేసిన పేరును తర్వాతి సంస్థ రికార్డుకు మళ్లీ పంపమని అడగండి. ఆ సమాచారం వారి నుంచి వీరికి సందేశంగా వెళ్తుంది, ఒక్కోసారి మధ్యలో ఎక్కడో ఇరుక్కుంటుంది.

కిటికీసీటు
అలాగే చేశాను. రెండో రోజు సాయంత్రానికి అక్కడా పేరు మారింది. వీల్‌చైర్ రెండు చోట్లా మళ్లీ పెట్టించాను.

కిటికీసీటు
అమ్మ క్షేమంగా చేరింది. ముద్రించిన కొత్త టికెట్టు, అనుమతి మెయిలు, పాత టికెట్టు అన్నీ ఒక సంచిలో పెట్టి నేను కూడా కౌంటరు దాకా వెళ్లాను. అక్కడి ఉద్యోగి పాస్‌పోర్టు అందుకుని యంత్రం మీద ఆనించి, తల ఎత్తకుండానే వీల్‌చైర్ గేటు దాకానా, విమానం మెట్ల దాకానా అని మాత్రం అడిగాడు. నా సంచి తెరిచే అవసరమే రాలేదు.

తేలికసంచి
అంటే పేరును ఎవరూ చూడలేదు. నేను రెండో జవాబులోనే చెప్పాను.

మూడోగేటు
చూశారు. పాస్‌పోర్టును యంత్రం మీద ఆనించినప్పుడే చాలా చోట్ల ఆ పోలిక జరిగిపోతుంది. తేడా ఏమీ రానప్పుడు తల ఎత్తవలసిన పని ఉండదు. ఇంతకీ కిటికీసీటు గారు, అమ్మగారి తిరుగు ప్రయాణం కూడా అదే టికెట్టు మీద ఉంటే, ఆ రెండు విమానాల్లో వీల్‌చైర్ పడిందో లేదో ఒకసారి చూడండి.

కిటికీసీటు
పడలేదు. మళ్లీ ఫోను పట్టుకున్నాను.